ఇన్‌హేలర్‌తో గొంతు బొంగురుపోతే

అమ్మకు ఆస్తమా. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన స్ప్రే రకం ఇన్‌హేలర్‌తో ఆయాసం తగ్గింది గానీ గొంతు బొంగురుపోయింది, నాలుక మీద తెల్లటి పూత. మందే మానేస్తానని కూర్చుంది.

డాక్టర్ గారు చూసి ఫంగస్ అన్నారు. పీల్చిన స్టెరాయిడ్‌లో చాలా భాగం ఊపిరితిత్తులకు చేరకుండా నోట్లో, గొంతులోనే పడుతుంది. అక్కడ రోగనిరోధక శక్తి తగ్గి కాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ రాశారు, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ వాడమన్నారు. ఆ ప్లాస్టిక్ గొట్టంలో పెద్ద తుంపరలు ఆగిపోయి, సన్నవే లోపలికి వెళ్తాయి. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఈ ముక్క మందుల షాపులో ఒక్కరూ చెప్పలేదు!

స్పేసర్‌ను సబ్బునీళ్లతో కడిగి, తుడవకుండా ఆరనిస్తున్నాం. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. పూత త్వరగానే పోయింది, గొంతు మాత్రం నెమ్మదిగా బాగుపడింది.