మోటారు సెట్ చేసిన స్పీడు దగ్గర నిలబడట్లేదా? పీఐడీ నంబర్లు ముట్టుకునే ముందు ఇవి చూడండి

"అన్నా, డ్రైవ్ హంటింగ్ అవుతోంది, పీ ఎంత పెట్టాలి, ఐ ఎంత పెట్టాలి?" హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలో మెయింటెనెన్స్ చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. డ్రైవ్ అంటే మోటారుకు వెళ్లే ఫ్రీక్వెన్సీని మార్చి స్పీడు మార్చే పెట్టె, హంటింగ్ అంటే స్పీడు ఒకచోట నిలవకుండా ఊగడం. పీఐడీ అంటే సెట్ చేసిన స్పీడుకు, అసలు స్పీడుకు ఉన్న తేడాను చూసి సరిదిద్దే లెక్క: పీ ఇప్పటి తేడాకు, ఐ (ఇంటిగ్రల్) పేరుకున్న తేడాకు, డీ తేడా మారే వేగానికి స్పందిస్తాయి. ఒక నంబర్ చెప్పి పంపేయడం తేలికే గానీ దానివల్ల ఉపయోగం ఉండదు. ఒకే హెచ్‌పీ మోటారు, ఒకే రకం డ్రైవ్ ఉన్న రెండు మెషీన్లకు కూడా ఒకే సెట్టింగ్ సరిపోదు, ఎందుకంటే లోడ్ బరువు వేరు, గేర్‌బాక్స్‌లో ప్లే (పళ్ల మధ్య వదులు) వేరు, సెన్సర్ పెట్టిన చోటు వేరు. అసలు చాలాసార్లు తప్పు పీఐడీలో ఉండదు, లూజైన కప్లింగ్ స్క్రూలోనో, పవర్ కేబుల్ పక్కనే లాగిన ఎన్‌కోడర్ (షాఫ్ట్ తిరిగేకొద్దీ పల్సులు పంపే సెన్సర్) వైరులోనో ఉంటుంది. కంట్రోలర్ తనకు అందిన రీడింగ్‌ను నమ్మి పనిచేస్తుంది. ఆ రీడింగే తప్పైతే ఏ నంబర్ పెట్టినా మోటారు కుదురుగా తిరగదు.

అందుకే కింద ఏ సమస్య ఉన్నా సరే, ముందు ఈ ఒక్క పని చేయండి.

లూప్ తీసేసి నడిపి చూడండి

లూప్ అంటే రీడింగ్ (ఫీడ్‌బ్యాక్) చూసుకుంటూ స్పీడు సరిదిద్దే చక్రం. పీఐడీ ఆఫ్ చేసి డ్రైవ్‌ను మాన్యువల్ మోడ్‌లోకి మార్చి, కీప్యాడ్ నుంచి నేరుగా 25 హెర్ట్జ్ ఇచ్చి కాసేపు నడపండి, లోడ్ మాత్రం రోజూ ఉండేదే ఉండాలి. చేతిలో పట్టుకునే ట్యాకోమీటర్‌తో షాఫ్ట్ దగ్గర అసలు స్పీడు చూడండి, డ్రైవ్ స్క్రీన్ మీద ఫీడ్‌బ్యాక్ రీడింగ్ చూడండి. రెండూ నిలకడగా ఉండి, ఒకదానితో ఒకటి సరిపోతే మీ సమస్య ట్యూనింగ్‌దే, పీఐడీలోకి వెళ్లవచ్చు. ట్యాకో నిలకడగా ఉండి స్క్రీన్ రీడింగ్ మాత్రం ఎగిరిపడుతుంటే సెన్సర్, వైరింగ్ చూడాలి. రెండూ కలిసి ఊగుతుంటే మెకానికల్ తేడా, లేదా లోడే అలా మారుతోంది. ఈ పరీక్షకు పది నిమిషాలు పట్టదు, కానీ ఇది చేయకుండా పారామీటర్లు మార్చుకుంటూ పోతే రెండు షిఫ్టులు పోయినా తేలదు.

ఇక్కడ ఒక అనుమానం చాలామందికి వస్తుంది. 4 పోల్ మోటారుకు 50 హెర్ట్జ్ దగ్గర సింక్రనస్ స్పీడు 1500 ఆర్‌పీఎం (120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్స్ సంఖ్యతో భాగించండి), నేమ్‌ప్లేట్ మీద 1440 అని ఉంటుంది, ఆ 60 తేడాయే స్లిప్. లోడ్ లేనప్పుడు అదే మోటారు 1490 దాకా తిరుగుతుంది. మామూలు వి/ఎఫ్ మోడ్‌లో (వోల్టేజ్, ఫ్రీక్వెన్సీల నిష్పత్తిని ఒకేలా ఉంచే మోడ్) ఫ్రీక్వెన్సీ తగ్గించినా అదే లోడ్‌కు స్లిప్ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి, 25 హెర్ట్జ్ దగ్గర 750 రావాల్సింది ఫుల్ లోడ్ మీద 690 వస్తే డ్రైవ్ పాడైనట్టు కాదు. ఇండక్షన్ మోటారు స్వభావమే అది, ఆ లోటు పూడ్చడానికే మనం ఫీడ్‌బ్యాక్ పెడుతున్నాం.

వైరు మీద చేయి వేసే ముందు సప్లై తీసి, డ్రైవ్ మాన్యువల్ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగండి. 415 వోల్టుల డ్రైవ్‌లో డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ లైన్) మీద దాదాపు 587 వోల్టులు ఉంటాయి, స్క్రీన్ ఆరిపోయినా కెపాసిటర్లలో ఆ ఛార్జ్ కొన్ని నిమిషాలు అలాగే ఉంటుంది. మీటర్ పెట్టి చూసి, దిగిపోయిందని తేలాకే విప్పండి.

సమస్య: స్పీడు పైకీ కిందకీ ఊగుతోంది

దీని మీద కాస్త ఎక్కువ సేపు ఆగుదాం, ఎందుకంటే అందరూ తికమకపడేది ఇక్కడే.

ఊపు ఎన్ని సెకన్లకు ఒకసారి వస్తోందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. తర్వాత స్పీడు రెట్టింపు చేసి మళ్లీ కొలవండి. ఊపు మధ్య వ్యవధి కూడా సగమైతే, అది తిరిగే భాగంతో ముడిపడినది: పుల్లీ ఎక్సెంట్రిక్‌గా (కేంద్రం తప్పి) ఉంది, బెల్టు జాయింట్ దగ్గర జారుతోంది, కప్లింగ్ వంకరగా ఉంది. ఉదాహరణకు 1:40 గేర్‌బాక్స్ ఉన్న కన్వేయర్‌ను 25 హెర్ట్జ్ దగ్గర నడిపితే మోటారు సుమారు 700, అవుట్‌పుట్ షాఫ్ట్ నిమిషానికి 17-18 చుట్లు తిరుగుతాయి, అంటే మూడున్నర సెకన్లకు ఒక చుట్టు. ఊపు కూడా సరిగ్గా మూడున్నర సెకన్లకు వస్తూ, 50 హెర్ట్జ్ దగ్గర 1.7 సెకన్లకు మారిందంటే తప్పు ఆ షాఫ్ట్ మీదే ఉంది, అక్కడికి స్పానర్ తీసుకెళ్లండి. స్పీడు ఎంత మార్చినా ఊపు వ్యవధి మారకుండా అలాగే ఉంటే అప్పుడు మాత్రమే కంట్రోల్ లూప్‌ను అనుమానించండి.

లూప్‌దే తప్పని తేలాక కూడా పీ తగ్గించడం రెండో పని, మొదట చూడాల్సింది యాక్సిలరేషన్ టైం (ర్యాంప్, అంటే స్పీడు పెంచడానికి డ్రైవ్ తీసుకునే సమయం). ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో 10 సెకన్లో 20 సెకన్లో ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. పీఐడీ "ఇప్పుడే 5 హెర్ట్జ్ పెంచు" అంటుంది, ర్యాంప్ మాత్రం దాన్ని నిదానంగా పెంచుతుంది, ఆ లోపు ఇంటిగ్రల్ పేరుకుపోయి అవసరానికి మించి తోస్తుంది, అది దిగేటప్పుడూ ఇదే కథ. లోడ్, కరెంట్ లిమిట్ ఒప్పుకున్నంత వరకు ర్యాంప్ తగ్గించండి, స్టార్టింగ్ సాఫీగా కావాలంటే సెట్‌పాయింట్‌కు (మనం సెట్ చేసే స్పీడుకు) వేరే ర్యాంప్ ఇవ్వండి. అలాగే రీడింగ్ స్క్రీన్ మీద అందంగా కనబడాలని ఎవరో ఫీడ్‌బ్యాక్ ఫిల్టర్ 2 సెకన్లకు పెంచి ఉంటారు. స్పీడు లూప్‌కు అంత ఆలస్యం చాలా ఎక్కువ, తగ్గించండి.

ఇంకొకటి, గేర్‌బాక్స్ అరిగి ప్లే ఎక్కువై, సెన్సర్ అవుట్‌పుట్ వైపు ఉంటే, ఏ ట్యూనింగ్ పెట్టినా సన్నటి ఊపు మిగిలిపోతుంది. ఎన్‌కోడర్‌ను మోటారు షాఫ్ట్ మీదకు మార్చడం దానికి మందు.

అన్నీ సరిచేశాక ట్యూనింగ్ ఇలా చేయండి: డీ సున్నా, ఐ దాదాపు లేనట్టు పెట్టి, పీ కొద్దికొద్దిగా పెంచుతూ చిన్న సెట్‌పాయింట్ మార్పు ఇవ్వండి. స్పీడు ఆగకుండా ఒకే ఎత్తులో ఊగడం మొదలైన చోట ఆపి, ఆ పీని, ఊపు వ్యవధిని రాసుకోండి. జీగ్లర్, నికొల్స్ 1942లో ఇచ్చిన పద్ధతి ప్రకారం పీఐ కంట్రోలర్‌కు పీ అందులో 0.45 వంతు, ఇంటిగ్రల్ టైం ఆ వ్యవధిని 1.2తో భాగిస్తే వచ్చేది. నా ఉద్దేశంలో ఈ విలువలు షాప్ ఫ్లోర్ మెషీన్లకు కాస్త దూకుడే, అక్కడి నుంచి పీ ఇంకొంచెం తగ్గించి, ఇంటిగ్రల్ టైం పెంచి స్థిరపరచుకోండి. బరువైన లోడ్ ఉన్న మెషీన్‌ను అంచుదాకా ఊపడం ప్రమాదం, అక్కడ ఊగడం మొదలయ్యే సూచన కనబడగానే ఆపి పీ సగానికి తెచ్చేయండి.

చాలా డ్రైవ్‌లలో ఐ అంటే సెకన్లలో ఇచ్చే టైం, అంకె చిన్నదైతే ప్రభావం పెద్దది. కొన్ని పీఎల్‌సీలలో (మెషీన్‌ను నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్లలో) అదే ఐ గెయిన్‌గా ఉంటుంది, అక్కడ అంకె పెంచితే ప్రభావం పెరుగుతుంది. ఊగుతోందని ఐ తగ్గించి ఇంకా ఎక్కువ ఊగేలా చేసుకోవడానికి ఇదే కారణం, ముందు మీ మాన్యువల్‌లో యూనిట్ చూడండి.

సమస్య: స్టార్ట్ నొక్కగానే ఫుల్ స్పీడుకు దూసుకుపోతోంది

కంట్రోలర్‌కు ఫీడ్‌బ్యాక్ సున్నాగా కనబడుతోంది, అందుకే పెంచుతూనే ఉంది. 4-20 మిల్లీయాంప్ వైరు (రీడింగ్‌ను కరెంట్‌గా తెచ్చేది) తెగిందా, ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహం దగ్గరికి వస్తే పల్సు ఇచ్చేది) గ్యాప్ పెరిగిందా, ఎన్‌కోడర్‌కు సప్లై వస్తోందా, ఎన్‌కోడర్ కప్లింగ్ గ్రబ్ స్క్రూ జారి మోటారు తిరిగినా ఎన్‌కోడర్ ఆగిపోయిందా, ఈ వరుసలో చూడండి. 4-20 వాడుతుంటే సిగ్నల్ 4 కిందికి పడగానే డ్రైవ్ ట్రిప్ అయ్యేలా పెట్టడం తప్పనిసరి, దాదాపు అన్ని డ్రైవ్‌లలో ఆ సెట్టింగ్ ఉంటుంది, చాలా ప్యానెళ్లలో ఆఫ్‌లోనే వదిలేస్తారు. దీని విషయంలో దయచేసి బద్ధకించకండి, అదుపు తప్పిన మెషీన్ పక్కన మనిషి ఉంటాడు.

ఫీడ్‌బ్యాక్ సరిగానే ఉన్నా దూసుకుపోతుంటే పీఐడీ దిశ తిరగబడింది. ప్రెషర్ పంపులో ప్రెషర్ పెరిగితే స్పీడు తగ్గాలి, కూలింగ్ టవర్ ఫ్యాన్‌లో నీటి వేడి పెరిగితే స్పీడు పెరగాలి. డైరెక్ట్, రివర్స్ అనే ఆ పారామీటర్ మార్చి చూడండి.

క్లోజ్డ్ లూప్ వెక్టర్ మోడ్‌లో (ఎన్‌కోడర్ రీడింగ్‌తో డ్రైవ్ టార్క్‌ను నేరుగా అదుపు చేసే మోడ్) మాత్రం లక్షణం వేరుగా ఉంటుంది: మోటారు ముక్కుతూ మెల్లగా తిరుగుతుంది, కరెంట్ లిమిట్ దాకా లాగుతుంది, కాసేపటికి ట్రిప్ అవుతుంది. అలాంటప్పుడు ఎన్‌కోడర్ ఏ, బీ ఛానెళ్లు తారుమారై ఉంటాయి. ముఖ్యంగా రివైండింగ్‌కు వెళ్లొచ్చిన మోటారుకు ఫేజులు మారి ఇలా జరుగుతుంది. ఏ, బీ మార్చండి, లేదా డ్రైవ్‌లో ఎన్‌కోడర్ దిశ పారామీటర్ మార్చండి.

సమస్య: సెట్ చేసినంత స్పీడు రావట్లేదు, కొంత దగ్గరే ఆగిపోతోంది

అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ చూడండి. అది గరిష్ఠానికి చేరి కూర్చుంటే పీఐడీ చేయగలిగింది చేసేసింది. మ్యాక్సిమమ్ ఫ్రీక్వెన్సీ తక్కువ పెట్టారేమో, కరెంట్ లిమిట్ తగిలిందేమో, లోడే ఎక్కువైందేమో చూడాలి. వేసవి మధ్యాహ్నాలు ఇన్‌కమింగ్ వోల్టేజ్ పడిపోయినప్పుడు డ్రైవ్ అంతకుమించి వోల్టేజ్ ఇవ్వలేదు, 50 హెర్ట్జ్ దగ్గర మోటారుకు 8.3 వోల్ట్స్ పర్ హెర్ట్జ్ అందక టార్క్ తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీ గరిష్ఠానికి చేరకుండానే ఆగిపోతే ఐ ఆఫ్‌లో ఉందన్నమాట, పీ ఒక్కటే ఎప్పుడూ కొంత లోటు వదిలేస్తుంది.

స్క్రీన్ మీద 1000, ట్యాకోలో 960 ఉంటే కంట్రోలర్‌ను వదిలేయండి, స్కేలింగ్ తప్పు. ఎన్‌కోడర్ మీద రాసి ఉన్న పీపీఆర్ (ఒక చుట్టుకు ఇచ్చే పల్సుల సంఖ్య), పుల్లీ నిష్పత్తి సరిచూడండి.

సమస్య: తక్కువ స్పీడులో కుదుపులు

షాఫ్ట్ మీద ఒకే బోల్టు పెట్టి ప్రాక్సిమిటీతో లెక్కిస్తే 300 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 5 పల్సులే వస్తాయి, అంటే 200 మిల్లీసెకన్లకు ఒకసారి కబురు, మధ్యలో కంట్రోలర్ గుడ్డిగా నడుస్తోంది. 1024 పీపీఆర్ ఎన్‌కోడర్ ఉన్నా 60 ఆర్‌పీఎం దగ్గర 10 మిల్లీసెకన్లకు పది పల్సులే, ఒక్క పల్సు అటూ ఇటూ అయితే రీడింగ్‌లో 6 ఆర్‌పీఎం తేడా. శాంప్లింగ్ టైం పెంచండి, ఫ్లాగులు (సెన్సర్ లెక్కించే బోల్టులు) పెంచండి, లేదా పల్సుల సంఖ్యకు బదులు పల్సుకు పల్సుకు మధ్య కాలాన్ని కొలిచే పద్ధతికి మారండి. ఇదే ఎన్‌కోడర్ 1440 దగ్గర సెకనుకు 24,576 పల్సులు ఇస్తుంది, పీఎల్‌సీ మామూలు ఇన్‌పుట్ వాటిని పట్టుకోలేదు, హైస్పీడ్ కౌంటర్ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి.

వి/ఎఫ్ మోడ్‌లో 5 హెర్ట్జ్ కింద టార్క్ సహజంగానే బలహీనం. వెక్టర్ మోడ్‌కు మారి, నేమ్‌ప్లేట్ వివరాలన్నీ ఎక్కించి, ఆటోట్యూన్ చేయండి. ఎక్కువసేపు అంత నిదానంగా నడపాలంటే మోటారుకు వేరే బ్లోవర్ కావాలి, వెనకున్న ఫ్యాన్ కూడా షాఫ్ట్‌తో పాటే నిదానిస్తుంది కదా.

సమస్య: మోటారు ఆన్‌లో ఉన్నప్పుడే రీడింగ్ ఎగిరిపడుతోంది

డ్రైవ్‌కు రన్ ఇచ్చి 0 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. షాఫ్ట్ కదలనప్పుడు కూడా పల్సులు వస్తుంటే అది నాయిసే. ఎన్‌కోడర్ కేబుల్‌ను మోటారు కేబుల్ ఉన్న ట్రే నుంచి తీసి వేరేగా లాగండి, తప్పనిసరై దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. 4-20 సిగ్నల్ షీల్డ్‌ను ప్యానెల్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయండి, మోటారు పవర్ కేబుల్ షీల్డ్ మాత్రం రెండు వైపులా గట్టిగా క్లాంప్ చేయాలి. దూరం ఎక్కువైతే ఓపెన్ కలెక్టర్ బదులు లైన్ డ్రైవర్ ఎన్‌కోడర్ పెట్టండి. మంచి షీల్డ్ కేబుల్ రాణిగంజ్‌లో తేలిగ్గానే దొరుకుతుంది, ఇక్కడ ఖర్చు తగ్గించుకోవద్దు.

సమస్య: స్పీడు తగ్గించేటప్పుడు ఓవర్‌వోల్టేజ్ ట్రిప్

మోటారు జనరేటర్‌లా మారి కరెంట్‌ను వెనక్కి తోస్తోంది, డీసీ బస్ 800 దగ్గరకు పాకి ట్రిప్ అవుతోంది. డిసిలరేషన్ టైం పెంచండి, అది కుదరని సెంట్రిఫ్యూజ్ లాంటి లోడ్‌లకు బ్రేకింగ్ రెసిస్టర్ వేయించండి.

సమస్య: ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొదట బాగా ఎక్కువకు పోయి తర్వాత దిగుతోంది

మెషీన్ ఆగి ఉన్నంతసేపు ఇంటిగ్రల్ పేరుకుంటూనే ఉంది. స్టాప్‌లో ఉన్నప్పుడు ఇంటిగ్రల్ రీసెట్ అయ్యేలా పెట్టండి, పీఎల్‌సీలో రాసుకున్న లాజిక్ అయితే అవుట్‌పుట్ లిమిట్‌కు చేరినప్పుడు ఇంటిగ్రల్ ఆగేలా చేయండి.

అపార్ట్‌మెంట్ పంపుల గురించి

మియాపూర్, కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లలో డ్రైవ్‌తో నడిచే ప్రెషర్ పంపులు చాలా ఉన్నాయి. పగలు బాగానే ఉండి, రాత్రి ఎవరూ నీళ్లు వాడనప్పుడు ఆగుతూ మొదలవుతూ ఉంటే పీఐడీని ముట్టుకోకండి. ప్రెషర్ ట్యాంకులో గాలి పోయిందేమో, నాన్ రిటర్న్ వాల్వ్ లీకవుతోందేమో చూడండి. గాలి ప్రెషర్‌ను ట్యాంకులో నీళ్లు ఖాళీ చేశాకే కొలవాలి, నీళ్లుండగా కొలిస్తే తప్పు చూపిస్తుంది.

అన్నీ కుదిరాక చివరి పారామీటర్లను కీప్యాడ్‌లో సేవ్ చేసి, ఒక కాగితం మీద కూడా తేదీతో రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి, పీ, ఐ, ర్యాంప్ టైం, ఫిల్టర్, పీపీఆర్ ఇవి ఐదూ అందులో ఉండాలి.