చవితికి మట్టి గణపతి, పగుళ్లు లేకుండా
చెరువు బంకమట్టి దొరికితే ముందు ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున పైన తేరిన నీళ్లు వంపేసి, చేతికి అంటుకోనంత వరకు పిసకాలి, ఇక్కడ బద్ధకిస్తే తర్వాత పగుళ్లతో టెన్షన్ తప్పదు. కాస్త దూది విడదీసి కలిపితే మట్టికి పట్టు వస్తుంది.

బొజ్జ, తల, కాళ్లు విడివిడిగా చేసుకోండి. అతికించే చోట రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, జారుగా కలిపిన మట్టి రాసి నొక్కాలి. తొండాన్ని గాల్లో వదిలేయకుండా బొజ్జకి ఆనిస్తే విరగదు. చెవులు మరీ పల్చగా వద్దు, ముందు ఎండి రాలేవి అవే. నీడలో ఆరనివ్వండి, ఫ్యాన్ కింద పెట్టొద్దు. కళ్లకి గురివింద గింజలు అందమే కానీ విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే మట్టి పచ్చిగా ఉన్నప్పుడే మిరియాలు గుచ్చేయండి. రంగులెందుకండీ, పసుపు కుంకుమ చాలు.