థీసిస్ డేటాకి రెడ్‌క్యాప్: షుగర్ పేషెంట్ల ఫారం ఇలా పెట్టుకోండి

పీజీ థీసిస్‌కి షుగర్ పేషెంట్ల వివరాలు ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నారా? పరిశోధన డేటాని ఆన్‌లైన్ ఫారాల్లో ఎక్కించుకునే రెడ్‌క్యాప్ మీ కాలేజీలో ఉందేమో ముందు అడగండి. 2004లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌ని లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా ఇస్తారు, సర్వర్ మాత్రం సంస్థే చూసుకోవాలి.

అసలు పనంతా వాలిడేషన్‌లోనే, అంటే ఏ గడిలో ఏం పడాలో ముందే నిర్ణయించి పెట్టడంలోనే ఉంది. ఫాస్టింగ్ షుగర్ గడిని మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తే ఒకరు '140' అని, ఇంకొకరు '140 ఎంజీ' అని, మరొకరు 'నార్మల్' అని కొడతారు, చివర్లో లెక్కలు కట్టేటప్పుడు తల పట్టుకోవాలి. అందుకే నంబర్ మాత్రమే పడేలా పెట్టి, కనిష్ఠం 20, గరిష్ఠం 600 ఇవ్వండి. పొరపాటున 1400 కొడితే అక్కడికక్కడే హెచ్చరిస్తుంది. కానీ ఆపదు, కాబట్టి కేస్ షీట్ మళ్లీ తీసి చూడాల్సింది మీరే.

పేరు, ఫోన్ నంబర్ గడులకు 'ఐడెంటిఫయర్' దగ్గర అవును అని పెట్టండి, డేటా బయటికి తీసేటప్పుడు వాటిని వదిలేయొచ్చు. ఇది మాత్రం దయచేసి మరిచిపోవద్దు, పేషెంట్లు మనల్ని నమ్మి చెప్పిన వివరాలవి.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చినా వెంటనే మొదలుపెట్టకండి. ఉత్తుత్తి రికార్డులు కొన్ని ఎక్కించి, ఎక్స్‌పోర్ట్ కూడా చేసి చూడండి. ప్రాజెక్టుని ప్రొడక్షన్‌లోకి, అంటే అసలు డేటా ఎక్కించే దశలోకి మార్చేటప్పుడు వాటిని తుడిచేయమంటే సరిపోతుంది.