సన్నాయి మేళం వారిని ప్రసంగానికి పిలవాలంటే

పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశానికో, శాఖా గ్రంథాలయంలో సభకో, హైస్కూలు పిల్లలకో ఎవరినైనా మాట్లాడటానికి పిలవాలనుకుంటే ముందు డాక్టరు గారు గుర్తొస్తారు, తర్వాత రిటైరైన లెక్చరరు, ఆ తర్వాత బ్యాంకు మేనేజరు. ఊళ్లో ముప్పై నలభై ఏళ్లుగా సన్నాయి వాయిస్తున్న ఆయన పేరు ఎవరూ ఎత్తరు. ఆయన్ను పెళ్లికి పిలుస్తాం, గుళ్లో సేవకు పిలుస్తాం. ఆ రెండుచోట్లా వాయించడమే తప్ప మాట్లాడే అవకాశం ఆయనకు దొరకదు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది మరీ పెద్ద లోటు. సన్నాయిలో, అంటే నాదస్వరంలో దేశమంతా పేరు మోసిన షేక్ చినమౌలానా గారు 1924లో పుట్టింది ఒంగోలు పక్కనున్న కరవదిలో. శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ విద్య ఇంకా మన ఊళ్లలో ఉంది. దాన్ని వేదిక మీద కూర్చోబెట్టి మాట్లాడించడం ఎలాగో కింద చెబుతున్నాం.

కచేరీ కాదు, ప్రసంగం

ముందు ఈ తేడా మీ సంఘం వాళ్లకు తెలియాలి. తర్వాత పిలిచే ఆయనకు తెలియాలి. సంగీతం వాళ్లు దీన్ని సోదాహరణ ప్రసంగం అంటారు. కాసేపు చెప్పడం, చెప్పిన దాన్ని వాయించి చూపడం. ఇది స్పష్టంగా చెప్పకపోతే జరిగేది ఒకటే: ఆయన అలవాటు ప్రకారం గంట వాయిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, శాలువా కప్పుతారు, ఒక్క మాటైనా వినకుండా ఇళ్లకు పోతారు. పొరపాటు పిలిచినవాళ్లదే. గుళ్లోనూ పందిట్లోనూ వాయించమనే తప్ప చెప్పమని ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు.

పూర్తి మేళం కూడా అక్కర్లేదు. పెళ్లికైతే ఇద్దరు సన్నాయిలు, ఒకరిద్దరు డోళ్లు, తాళం, శ్రుతి ఉంటాయి. ప్రసంగానికి ఒక సన్నాయి, ఒక డోలు, ఒక శ్రుతి పెట్టె చాలు. మనుషులు తగ్గితే ఖర్చు తగ్గడం ఒక లాభం. మాట వినబడటం అంతకంటే పెద్ద లాభం.

ఎవరిని, ఎలా వెతకాలి

దగ్గర్లో నిత్య సేవకు మేళం ఉన్న గుడి కార్యాలయంలో అడగండి. నెల్లూరు రంగనాయకుల స్వామి గుడి, జొన్నవాడ, సింగరాయకొండ లాంటి చోట్ల వాయించేవాళ్లు ఎవరో అర్చకులకు తెలుస్తుంది. రెండో దారి పెళ్లి పురోహితులు. ఎవరి చేతిలో ఎంత విద్య ఉందో వాళ్లు రోజూ వింటుంటారు. తిరుపతి దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాలలో చదివి వచ్చిన కుర్రవాళ్లు ఉంటే వాళ్లనూ అడగండి. ఇంట్లో నేర్చుకున్న పెద్దాయననూ, బడిలో నేర్చుకున్న కుర్రాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడిస్తే సభ నిండుగా ఉంటుంది.

బాగా వాయించేవాళ్లందరూ బాగా చెప్పలేరు. కాబట్టి ఫోనులో ఖాయం చెయ్యకుండా ఒకసారి ఇంటికి వెళ్లి పావుగంట కూర్చోండి. పీక (సన్నాయికి నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) ఎలా చూసుకుంటారు, గురువు ఎవరు అని అడగండి. కళ్లు మెరుస్తూ పది నిమిషాలు చెప్పారంటే ఆయనే మీ వక్త. పొడి పొడిగా చెప్పినా ఇబ్బంది లేదు, సంభాషణ పద్ధతిలో నడపొచ్చు. ఆ పద్ధతి కింద ఉంది.

తేదీ: పంచాంగం చూసే పెట్టాలి

ఎక్కువ కార్యక్రమాలు చెడిపోయేది ఇక్కడే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం లాంటి నెలల్లో ముహూర్తం ఉన్న రోజు మేళం దొరకదు. ముందు ఒప్పుకున్నా మంచి పెళ్లి బేరం వస్తే ఆయన ఇరుకున పడతారు, మీరూ ఇరుకున పడతారు. ఆషాఢం, భాద్రపదంలో మహాలయ పక్షం, మూఢం రోజులు ఆయనకు ఖాళీ. రాబడి తగ్గే రోజులు కూడా అవే. అప్పుడు పిలిస్తే ఆయన తీరిగ్గా వస్తారు, మీరిచ్చే సొమ్మూ అక్కరకొస్తుంది.

ధనుర్మాసంలో తెల్లవారుజాము సేవలు ఉంటాయి కనుక పొద్దున సభ వద్దు, సాయంత్రం పెట్టండి. దసరా తొమ్మిది రోజులూ అడగనే వద్దు. మాలకొండ గుడి తెరిచేదే శనివారం కాబట్టి ఆ చుట్టుపక్కల వాళ్లతో శనివారం మాట పెట్టుకోవద్దు. సన్నాయి కుటుంబాల్లో ముస్లింలు చాలామంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళను, రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళను తప్పించండి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో నెల్లూరులో బండి కదలదు, గది దొరకదు.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా. ఈ సభకు చక్కగా సరిపోయే వారమే, కాకపోతే మనకు వాయుగుండాలు వచ్చే రోజులు, చాలాసార్లు కార్తీక ముహూర్తాలు కూడా. ఆ వారంలో పెట్టేటట్లయితే ముహూర్తం లేని రోజు చూసి, వానొస్తే ఏ రోజుకు మార్చాలో కూడా ముందే అనుకోండి.

నెల ముందు అడగండి. పది రోజుల ముందు ఇంటికి వెళ్లి అన్నీ మాట్లాడుకోండి. రెండు రోజుల ముందు ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి ఫోను చెయ్యండి.

ఫోనులో ఏం చెప్పాలి

"నమస్తే అన్నా. పెన్షనర్ల సంఘం నుంచి మాట్లాడతా ఉండా. మా సంఘంలో మీరొచ్చి సన్నాయి గురించి చెప్పాల. పెళ్లి మేళం కాదన్నా, మీరు మాట్లాడాల, మధ్యలో రెండు మూడు వాయించి చూపించాల. గంటసేపు. మీతో పాటు డోలు ఆయన వస్తే చాలు. మీకేం ఇయ్యాల్నో మీరే చెప్పండన్నా."

ఈ నాలుగైదు మాటల్లో పని, సమయం, మనుషులు, డబ్బు అన్నీ వచ్చేశాయి. డబ్బు మాట చివరికి దాచి "అదంతా చూసుకుందాంలే అన్నా" అనవద్దు. అలా అన్నవాళ్లు ఇవ్వరని ఆయనకు అనుభవంలో తెలుసు.

డబ్బు

డాక్టరు గారు ఉచితంగా వచ్చారు కదా అని ఈయన్నూ ఉచితంగా రమ్మనడం అన్యాయం. డాక్టరుకు జీతమో ప్రాక్టీసో ఉంది. ఈయనకు వాయించిన పూటే కూడు. రాకపోకలతో కలిపి మూడు నాలుగు గంటలు పోతుంది, అంటే ఒక పూట పోయినట్లే. ఆయన ఒక పూటకు తీసుకునేది ఎంతో కనుక్కుని, అందులో తన వంతుకు తగ్గకుండా ఇవ్వండి. డోలు ఆయన వేరే మేళం నుంచి వస్తుంటే ఆయనది విడిగా ఆయన చేతికే ఇవ్వాలి. మూడో వంతు ముందే పంపండి. మిగతాది సభ అయ్యాక, బండెక్కే లోపల. "రేపు ఫోన్ పే చేస్తాం" అనకూడదు.

ప్రయాణం ఖర్చు వేరు. డోలు పెట్టుకుని ఆర్టీసీ బస్సులో నిలబడి రావడం కష్టం, వాద్యానికి దెబ్బ తగిలితే బాగుచేయించడం ఇంకా కష్టం. ఆటోనో కారో పంపండి. శాలువా, పూలదండ, జ్ఞాపిక మీ ఇష్టం. డబ్బుకు బదులుగా మాత్రం అవి చెల్లవు.

ఏం చెప్పించాలి

"సంగీతం గొప్పదనం" లాంటి విషయం పెడితే పది నిమిషాలకు అయిపోతుంది. చేతిలో ఉన్న వస్తువు నుంచి మొదలుపెట్టించండి. సన్నాయిని భాగాలుగా విప్పి చూపించమనండి: పీక, అది కూర్చునే లోహపు గొట్టం, ఏడు రంధ్రాలున్న కర్ర, కింద విచ్చుకున్న భాగం. వాయించే పీక పక్కన దారానికి వేలాడే అదనపు పీకలు ఎందుకో, వాటితో పాటు ఉండే సూది ఎందుకో ఆయన చెబుతుంటే జనం ముందుకు వంగి వింటారు. పీకను మాత్రం సభలో చేతులు మార్చవద్దు. అది నోట్లో పెట్టుకునేది, పైగా అంచు చిట్లితే ఆ పూటకు దానితో పని ఉండదు. చూపించడానికి పాడైన పీకలు రెండు తెమ్మని అడగండి.

తర్వాత ఒకే స్వరాల వరుసను గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) లేకుండా ఒకసారి, గమకంతో ఒకసారి వాయించమనండి. మోహన లాంటి రాగమైతే ఐదే స్వరాలు కనుక కొత్తవాళ్లకు తేలిగ్గా పట్టుబడుతుంది. హార్మోనియంలో రాని జారుడు సన్నాయిలో ఎలా వస్తుందో, పెదవితో ఎంత, ఊపిరితో ఎంత, వేలితో ఎంత అన్నది అప్పుడు చెప్పించాలి. సభ మొత్తానికి ప్రాణం ఈ ఐదు నిమిషాలే.

డోలు ఆయన్ను పక్కన ఊరికే కూర్చోబెట్టకండి. పనస కర్ర తొలిచిన పీపా, ఒకవైపు పుల్లతో, రెండోవైపు వేళ్లకు తొడుగులతో వాయించడం, ఆ తొడుగులు ఎలా చేసుకుంటారన్నది చెప్పడానికి ఆయనకు పది నిమిషాలు ఇవ్వండి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు అందరిచేతా వేయిస్తే వెనక వరుసలు కూడా లేచి కూర్చుంటాయి.

గుడి గురించి, పెళ్లి గురించి చెప్పడానికి చాలా ఉంది. ఊరేగింపు కదిలేటప్పుడు వాయించే మల్లారి, పొద్దున భూపాలం, పవళింపు వేళ నీలాంబరి. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు? అపశకునపు మాట, తుమ్ము లాంటివి చెవిన పడకుండా. అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, ఆయన నోట వింటూ వెంటనే ఆ గట్టిమేళం వింటే అది వేరు. గంగిరెద్దుల వాళ్ల సన్నాయికీ తన సన్నాయికీ తేడా ఏమిటో అడిగినా మంచి జవాబు వస్తుంది.

గ్రంథాలయంలో సభ అయితే మరో అంశం కలపొచ్చు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ పేరున్న ఊరు పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కంభం ప్రాంతంలో ఉంది. ఆయన పూర్వీకులు అక్కడి నుంచే తంజావూరు వైపు వెళ్లారని చెబుతారు. అక్కడి నుంచి ఒక కీర్తనలోకి వెళ్లవచ్చు.

సంభాషణ పద్ధతి, గంట లెక్క

ఒంటరిగా మైకు ముందు నిలబెడితే చాలామంది కళాకారులు బిగుసుకుపోతారు. మీ సంఘంలో సంగీతం కొంచెం తెలిసిన ఒకరు పక్కన కూర్చుని అడుగుతుంటే మాట దానంతట అదే వస్తుంది. ఎనిమిది ప్రశ్నలు రాసుకుని ముందే ఆయనకు వినిపించాలి. అడిగే మనిషి తన పాండిత్యం చూపించకూడదు. ప్రశ్న ఒక్క వాక్యం దాటకూడదు.

పరిచయం మూడు నిమిషాలు. మొదటి వాయింపు ఆరు నిమిషాలు. తర్వాత మాట, చిన్న చిన్న తునకలు కలిపి ముప్పై. సభలో వాళ్ల ప్రశ్నలు పది. చివర ఒక పూర్తి కీర్తన పది. మాటను ముందు, పెద్ద వాయింపును చివర పెట్టడానికి కారణం ఉంది: దీర్ఘంగా ఊదాక పెదవులు, ఊపిరి అలిసిపోతాయి, వెంటనే మాట్లాడటం కష్టం. వాయించిన ప్రతిసారీ ఒక నిమిషం తెరిపి ఇవ్వండి. గోరువెచ్చని నీళ్లు పక్కన ఉండాలి, కూల్ డ్రింకు కాదు.

వేదిక మీద పెద్దల ఉపన్యాసాలు గంటలో ఇరవై నిమిషాలు తినేస్తాయి. అధ్యక్షుడికి రెండు నిమిషాలు, మిగతావాళ్లకు సభ అయ్యాక అని ముందు రోజే చెప్పాలి. మొహమాటపడితే నష్టపోయేది వక్తే.

హాలు, మైకు

వందమంది పట్టే హాల్లో సన్నాయికి గానీ డోలుకు గానీ మైకు అక్కర్లేదు. మైకు మాటకే. వాయింపు పూర్తయ్యేదాకా మైకును ఆపరేటరు ఆపేసి ఉంచాలి, లేకపోతే డోలు దెబ్బకు స్పీకర్లు పగులుతాయి. కాలరు మైకు వద్దు, సన్నాయి దానికి మరీ దగ్గరవుతుంది. రెండు చేతులూ వాద్యం మీద ఉంటాయి కనుక చేతి మైకును అడిగే మనిషి పట్టుకోవాలి, లేదా స్టాండుకు బిగించాలి. బయట పందిట్లో, మూడు నాలుగు వందల మందికైతే సన్నాయికి మూడడుగుల దూరంలో ఒక మైకు పెట్టొచ్చు.

మొదటి వరుస కుర్చీలు కనీసం ఎనిమిది అడుగులు వెనక్కి ఉండాలి. చిన్నపిల్లల బడిలో ఇంకా వెనక్కి. స్టాండు ఫ్యాను మైకుకు ఎదురుగా ఉంటే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. ఏసీ హాలైతే అరగంట ముందే డోలును లోపలికి తెచ్చి పెట్టాలి. బయటి ఉక్కలోంచి చల్లటి గదిలోకి రాగానే తోలు బిగువు మారుతుంది. కూర్చోవడానికి చెక్క వేదిక మీద జంపఖానా పరవండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు బల్ల వెయ్యండి.

   

మర్యాద

డోలు, సన్నాయి మన ఊళ్లలో కులంతో ముడిపడిన విద్యలు. ఆ చూపు సభలోకి రానివ్వకూడదు. ఇద్దరికీ వేదిక మీద మిగతా అతిథులతో సమానమైన కుర్చీలు వెయ్యాలి. కాఫీ, టిఫిను అందరితో పాటు, అదే బల్ల దగ్గర. ఆహ్వానపత్రంలో, ఫ్లెక్సీలో "సన్నాయి మేళం" అని రాసి వదిలెయ్యకుండా ఇద్దరి పేర్లూ, గురువు పేరూ వేయించండి. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో ప్రింటుకు పంపకముందే వాట్సాప్‌లో ఆయనకే చూపించండి. ఆకాశవాణి కళాకారులకిచ్చే గ్రేడు ఉంటే పరిచయంలో చెప్పండి. పిల్లలు పేరు పెట్టి పిలవకుండా "సార్" అనో "మాస్టారు" అనో పిలిచేలా టీచర్లు ముందే చెప్పాలి.

వీడియో తీసేటట్లయితే ముందు అనుమతి అడగాలి. యూట్యూబులో పెట్టే ఉద్దేశం ఉంటే అదీ చెప్పాలి. వారం లోపల ఆ వీడియో కాపీ, నాలుగు మంచి ఫొటోలు ఆయనకు పంపండి. తర్వాత ఎవరైనా పిలవాలనుకుంటే ఆయన చూపించుకోవడానికి అవే ఆధారం. ఆయన పేరు, ఫోను నంబరు, ఏ విషయం బాగా చెప్పారు, ఎంత ఇచ్చారు అన్నవి సంఘం రిజిస్టరులో రాసిపెట్టండి. ఆయన ఒప్పుకుంటే పక్క ఊరి సంఘానికీ, మండలంలోని హైస్కూలు హెడ్మాస్టర్లకూ ఆ నంబరు ఇవ్వండి.