ఓటు లెక్క నేర్చుకుందాం, 3వ పాఠం: మూడో పార్టీకేస్తే ఓటు మురిగిపోద్దా?

పోయిన పాఠంలో రిజల్ట్ షీట్‌లో మెజారిటీ ఎలా చూడాలో నేర్చుకున్నాం కదా, మీ నియోజకవర్గం నంబర్లు రాసుకోకపోతే ముందు అది చేసి రండి, ఇవాళ పనంతా దానితోనే. ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ ఇంట్లో, టీ కొట్టు దగ్గర వినే మాటే, "వాళ్ళకేస్తే ఓటు మురిగిపోద్ది, గెలిచేవాళ్ళకెయ్యి". ఇది వాదించుకుంటే తేలదు, లెక్క వేస్తేనే తేలుద్ది.

ముందు 2009 చూద్దాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 294 సీట్లు. ప్రజారాజ్యానికి 16 శాతం పైనే ఓట్లు, వచ్చినవి 18 సీట్లు. అదే ఎన్నికలో మజ్లిస్‌కి ఒక్క శాతం కూడా రాలేదు కానీ సీట్లు 7! మన దగ్గర ఒక్కో సీట్లో ఎవరికెక్కువ వస్తే వాళ్ళదే, రెండో వాళ్ళకి మిగిలేది సున్నా, మజ్లిస్ ఓట్లు పాతబస్తీ చుట్టూ కుప్పగా ఉన్నాయి, ప్రజారాజ్యం ఓట్లేమో రాష్ట్రమంతా పల్చగా పరుచుకున్నాయి. అందుకే టీవీలో చెప్పే రాష్ట్రం శాతం పక్కన పెట్టండి, మీ సీటే చూడండి.

ఇప్పుడు నోట్‌బుక్ తియ్యండి. 2019, భీమవరం. మొదటి వరుసలో వైసీపీ 70,642, రెండో వరుసలో జనసేన, అంటే స్వయంగా పవన్ కళ్యాణ్, 62,285, మూడో వరుసలో తెలుగుదేశం 54,037. మెజారిటీ 8,357. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, పాఠంలో అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద జనసేన మూడో పార్టీ, 175లో గెలిచింది ఒక్క రాజోలే, కానీ భీమవరంలో మూడో స్థానం తెలుగుదేశానిది. వైసీపీ రాకూడదు, జనసేనేమో ఎలాగూ గెలవదు అనుకుని సైకిల్‌కి నొక్కినాయన గెలుపుకి ఇంకా దూరంగా ఉన్నవాళ్ళకి వేసినట్టు. మురిగిపోద్దని భయపడి వేసిన ఓటే మురిగింది. అందుకే మూడో పార్టీ ఎవరో పేపర్ చెప్పినట్టు కాకుండా మీ సీట్లో వరుస చూసి మీరే రాసుకోండి.

తర్వాత స్టెప్, రెండో వరుస, మూడో వరుస కలపండి, 1,16,322. వైసీపీ కంటే 45,680 ఎక్కువ. ఇక్కడే చాలామంది "ఓట్లు చీలడం వల్లే" అని తేల్చేస్తారు, అది తప్పు, ఎందుకంటే ఒక పార్టీ లేకపోతే దాని ఓట్లన్నీ ఇంకొకళ్ళకే పడతాయని గ్యారెంటీ లేదు, కొందరు అటు వెళ్తారు, కొందరు ఓటుకే రారు. ఈ కూడిక ఒక అంచనా మాత్రమే అని పక్కన రాసుకోండి.

2024లో జనసేన, తెలుగుదేశం మధ్య పొత్తు కుదిరింది. 2019లో భీమవరంలో మూడో స్థానంలో ఉన్న పులపర్తి రామాంజనేయులు గారే ఈసారి జనసేన నుంచి నిలబడి 66,974 మెజారిటీతో గెలిచారు. మన కూడికలో తేలిన 45,680 తేడా కంటే ఎక్కువే వచ్చింది, అంటే ఓట్లు కలవడం ఒక్కటే కాదు, గాలి కూడా మారింది. 2019లో మురిగిపోయాయన్న ఆ గాజు గ్లాసు ఓట్ల బలంతోనే పొత్తులో 21 సీట్లు అడగ్గలిగారు, 21కి 21 గెలిచారు. నా దృష్టిలో ఆ ఓట్లు మురిగిపోలేదు, ఐదేళ్ళ తర్వాత చేతికొచ్చాయి.

కానీ ప్రతిసారీ ఇలా జరగదు. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది, కాంగ్రెస్ వద్దనుకుని వేసినవాళ్ళ ఓటు చివరికి కాంగ్రెస్ ఖాతాలోకే చేరింది. కాబట్టి నంబర్లతో పాటు ఆ పార్టీ ఓడినా నిలబడుద్దా, ఊళ్ళో ఎవరన్నా పని చేస్తున్నారా అనేది కూడా అడిగి కనుక్కోండి, ఇది షీట్‌లో దొరకదు.

ఇంకోటి, గాజువాకలో 2024 మెజారిటీ 95,235. అంత తేడా ఉండే చోట మీరు నచ్చినవాళ్ళకి వేసుకుంటే ఫలితం మారదు, అక్కడ ఓట్లు చీలతాయని భయపెట్టడంలో అర్థం లేదు. వందల్లో తేలే సీటైతే మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

హోంవర్క్: మీ సీటువి గత రెండు ఎన్నికల్లో మొదటి మూడు వరుసలు రాసి, మూడో వాళ్ళ ఓట్లు మెజారిటీ కంటే ఎక్కువా తక్కువా చూడండి. వచ్చే పాఠంలో ఫారం 20, అంటే బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లో ఉండే షీట్, తీసుకుని బూత్ బూత్‌కీ ఇదే లెక్క వేద్దాం, మీ బూత్ నంబర్ కనుక్కుని ఉంచుకోండి.