వానలు దిగకముందే: పాత ఇంటి మ్యూజియాలు నడిపేవాళ్లకి

మొన్న వైశాఖంలో రెండు రోజులు వాన పడింది కదా. ఒడిశాలో పర్లాకిమిడి వైపు ఒక పాత పెంకుటింట్లో మ్యూజియం నడిపేవాళ్లు కంగారుపడి దస్తావేజులు, పాత పత్రికలు, శుభలేఖలు అన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, టేపు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. కొన్నాళ్ల తర్వాత తెరిస్తే కాగితాలు అట్టకట్టుకుపోయి ఉన్నాయి. అంచుల పొడుగునా నల్లటి బూజు. ఒక భూమి దస్తావేజు మడత విప్పబోతే మడత దగ్గరే ఊడి చేతికొచ్చింది. సిరా అంతా పక్క కాగితానికి దిగిపోయింది. ఆ ఇంట్లోకి ఒక్క చుక్క నీరు కారలేదు.

పెంకులు సర్దించుకోండి, చూరు కింద కాలవ తీయించుకోండి అని గంజాం, గజపతి జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటే. తడిని లోపల పెట్టి మూసెయ్యకండి. మన పాత ఇళ్లలో వరదకంటే ఎక్కువ సరుకు దీనివల్లే పోవడం చూశాను.

కాగితం, తాటాకు, చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలంలో చుట్టిన కట్టలో ఆ తేమ ఉండనే ఉంటుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడితే అదే ప్లాస్టిక్ లోపల చెమ్మగా పడుతుంది, పోయే దారి ఉండదు. గదిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిచిందంటే బూజుకి దారి ఇచ్చినట్టే. తడిసిన కాగితానికైతే 48 గంటలు చాలు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని గదిలో వేలాడదీయండి, దాని ధర పెద్దదేం కాదు.

కట్టలకి ఉతికిన నూలు గుడ్డ చుట్టండి. గంజి పెట్టింది వద్దు, గంజికి పురుగు చేరుతుంది. బీరువాని గోడకి జానెడు ఇవతలికి లాగి ఇటుకల మీద ఎత్తండి. వాన లేని పూట, పొద్దెక్కాక, తలుపులు రెండు గంటలు బార్లా తీసి ఉంచండి. చినుకు పడుతుంటే తీయకండి. నాఫ్తలిన్ ఉండలు బూజుని ఆపవు. తాటాకులకి నిమ్మగడ్డి నూనె రాసే అలవాటు మంచిదే కానీ బొమ్మలున్న ఆకుకి రాయొద్దు, కాగితానికి అసలే వద్దు.

గోడల సంగతీ ఇంతే. సున్నం, మట్టితో కట్టిన గోడకి చెమ్మ వచ్చిందని సిమెంటు పూత వేయిస్తున్నారు. నేలలోంచి ఎక్కిన చెమ్మ అందులోంచి బయటికి రాలేక ఇంకా పైకి పాకుతుంది, రెండేళ్లలో పూత పెచ్చులూడిపోతుంది. ఆయిల్ పెయింటుదీ అదే కథ. సున్నానికి సున్నమే వేయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా గోడని ముట్టుకోకపోయినా పరవాలేదు.

ప్లాస్టిక్ వాడాల్సిన సందర్భం ఒకటే, తుఫాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటి గజపతి కొండల్ని ముంచింది. అంటే దసరా రోజుల్లో మనకి గండం. హెచ్చరిక రాగానే కప్పండి, గాలి తగ్గిన రోజే తీసెయ్యండి. దీపావళి దాకా అలాగే వదిలేస్తే తుఫాను వదిలినదాన్ని మీరే పాడుచేసినట్టు.

ఇక మ్యూజియంలో పెట్టే ఉపన్యాసాల సంగతి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు జయంతి, మంచి వానల్లో వస్తుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష మీద అంత కృషి చేసిన మనిషి గురించి మాట్లాడుతుంటే జనం వస్తారు, రావాలి కూడా. కానీ వాళ్లని మిద్దె మీదికి ఎక్కించకండి. ఆ చెక్క దూలాలు ఒక కుటుంబం కోసం వేసినవి, వాటి చివర్లు గోడలో ఎక్కడ పుచ్చాయో కిందనుంచి కనిపించదు. సభ వసారాలోనో, పక్క బడిలోనో పెట్టండి.

తడి గొడుగులు, చెప్పులు బయటే. టిఫిన్లు, టీలు మ్యూజియం గదిలోకి రానివ్వొద్దు. మైకు వైరు కిటికీలోంచి లాగొద్దు. పాత గుండ్రటి స్విచ్చులకి కరెంటు ఉంటే ఆ కనెక్షన్ వానలకి ముందే తీయించండి, స్విచ్చుల్ని మాత్రం అలంకారానికి ఉంచుకోండి. అసలు పత్రాన్ని సభలో చేతులు మారనివ్వొద్దు, నకలు చూపించండి. ప్రతి కాగితాన్నీ జూన్‌కి ముందే ఫోటో తీసి, ఆ ఫోటోలు ఇంకో ఊళ్లో ఉన్న సభ్యుడి దగ్గర కూడా పెట్టండి. చిరిగినచోట సెల్లోటేపు వద్దు. లామినేషన్ వద్దు, అది కూడా ప్లాస్టిక్‌లో మూసెయ్యడమే. తడిసినవాటిని ఎండలో వేయొద్దు, ఇస్త్రీ చేయొద్దు. నీడలో, ఫ్యాను గాలికి, మధ్యమధ్య తెల్ల కాగితం పెట్టి ఆరబెట్టండి. సిరా ఉన్న చేవ్రాతని తుడవొద్దు. బూజు కనిపిస్తే ఉఫ్ అని ఊదొద్దు, ముక్కుకి మాస్కు కట్టుకుని, పూర్తిగా ఆరాక, ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులపండి. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంచొద్దు. ఆ ఒక్కరూ బరంపురంలో పెళ్లికి వెళ్తే వారం రోజులు గది తెరిచే దిక్కుండదు. వానాకాలం నాలుగు నెలలూ గది తీసే వంతు ఎవరిదో పేర్లు రాసి తలుపుకి అంటించండి, ఈ ఆదివారమే.