పాత ఫొటోలో ఉన్నది ఏ గుర్రపు బండి?

నిజాం కాలం నాటి ఫొటోలో గుర్రం కనిపిస్తే చాలు, కింద ‘బగ్గీ’ అని రాసేస్తారు. హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీ దొరలైనా, నవాబులైనా వాడిన బండ్లు చాలా రకాలు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ గాజు పలకల మీద తీసిన ఫొటోలను బాగా పెద్దవి చేసినా వివరం చెదరదు. పెద్దది చేసే చూడండి.

ముందు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో పట్టుకోండి. నాలుగు చక్రాల బండిని యజమానే తోలుతూ, సాయీసు (గుర్రాన్ని చూసుకునేవాడు) వెనక సీటులో ఉంటే దాదాపుగా ఫీటన్. రెండే చక్రాలుండి, సీట్లు వీపు వీపు ఆనుకుని ఉంటే డాగ్‌కార్ట్. ఎత్తు పీట మీద కోచ్‌వాన్ (జీతానికి బండి తోలేవాడు) ఉంటే మాత్రం టాపు చూడందే తేలదు.

ఇద్దరికి సరిపడే ఒకే సీటు, మడిచే టాపు, తలుపుల్లేని, ఎత్తు తక్కువ బండి విక్టోరియా. సాయంత్రం షికారుకు దొరసానులకు ఇష్టమైనది ఇదే. ఎదురెదురు సీట్లుండి, రెండు టాపులు నడిమధ్యన కలిస్తే లాండో. ఒక్క వెనక సీటుకే టాపుంటే బరూష్. కదలని కప్పు, ముందువైపు అద్దం ఉన్న పెట్టెలాంటిది బ్రూమ్.

ఎక్కువమంది తప్పు చేసేది లాండో దగ్గరే. రెండు టాపులూ దించితే అది బరూష్‌లా కనిపిస్తుంది. ముందు సీటు వెనక మడిచిన తోలు దొంతర ఉందేమో వెతకండి. రెండూ ఎత్తితే బ్రూమ్ అనుకుంటారు. కప్పు మధ్యలో అతుకు గీత కనబడితే లాండోయే.

ఫొటో కుడి ఎడమలు తారుమారై అచ్చయిందా అన్నదీ చూడాలి. కోచ్‌వాన్ పీటకు కుడివైపు కూర్చుని, కుడిచేత కొరడా, ఎడమచేత పగ్గాలు పడతాడు. గుర్రమెక్కి నడిపే బండిలోనైతే మనిషి జతలో ఎడమ గుర్రం మీద ఉంటాడు. ఇవి తారుమారైతే ముందు ప్రింటునే అనుమానించండి.

కాలం అంచనాకు చక్రం సాయం చేస్తుంది. ఇనుప పట్టా పలచగా మెరుస్తుంది, రబ్బరుది మందంగా, నల్లగా ఉంటుంది. రబ్బరు ఉంటే 1880కి ముందు ఫొటో కావడం చాలా అరుదు. ఇనుము ఉన్నంత మాత్రాన పాతదని మాత్రం చెప్పలేం. అది తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

నీడలు గుర్రం కాళ్ల కిందే ఉండి (అంటే మిట్టమధ్యాహ్నం), టాపు దించి ఉంటే కెమెరా కోసం నిలబెట్టిన బండి కావచ్చు. దొరలు ఒకరింటికొకరు మర్యాదకు వెళ్లి పలకరించే వేళ మిట్టమధ్యాహ్నమే అయినా, ఆ ఎండలో టాపు లేకుండా ఎవరు బయల్దేరతారు? టాపూ సీట్లూ కనబడకపోతే పేరు పెట్టకండి. ‘నాలుగు చక్రాలు, జంట గుర్రాలు’ అని రాస్తే చాలు.